మావయ్య గొండా లెక్క

మా మావగారికి మాట పడిపోయిన రోజు నేను కాలేజీలో క్లాసులో ఉన్నాను. సంఖ్యల్ని పది ఆధారంగా కాకుండా ఐదు, ఎనిమిది, నాలుగు ఇలా వేరే ఆధారాలతో ఎలా రాయాలో డిగ్రీ పిల్లలకి చెబుతున్నాను. వాళ్లకి నచ్చని పాఠం అది. నాకూ పెద్ద ఇష్టం ఉండేది కాదు. ఇవెందుకు పనికొస్తాయి మేడం అని వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి ఒడియాలో అడిగింది. కంప్యూటర్లకి పనికొస్తాయని ఎప్పుడూ చెప్పే జవాబే చెబుతుండగా మా ఆయన ఫోన్ వచ్చింది. మామూలుగా ఆ వేళప్పుడు చెయ్యరు. బయటికెళ్లి తీసేను. "నాన్నకి బాగోలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తన్నాం, నువ్వొచ్చీ," అన్నారు.

మాది ఒడిశాలోని బరంపురం. గేట్ బజార్‌లో మావయ్యది కొబ్బరికాయల టోకు దుకాణం. ఆ పొద్దున గోనెసంచుల మీద కూచుని టీ తాగుతూ గ్లాసు జారవిడిచేరట. ఏమైందని మా ఆయన అడిగితే నోరు కదిలింది గాని మాట రాలేదట. వెంటనే ఆటో ఎక్కించి తీసుకెళ్లబట్టి ప్రాణానికి ముప్పు తప్పింది. కానీ కుడిచెయ్యి పట్టు తప్పింది. మాట పూర్తిగా పోయింది.

ఆయన వాగుడుకాయ కాదు, మౌనం మనిషీ కాదు. దుకాణంలో ఒడియా, ఇంట్లో తెలుగు, రెంటిలోనూ సరిసమానంగా కోప్పడగలిగేవారు. నేను పొలసర నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఉద్యోగం మానెయ్యాల్సొస్తుందేమో అని భయపడ్డాను. బంధువుల్లో ఎవరో ఆ మాట ఎత్తితే మావయ్య ఒక్క ముక్కలో తేల్చేసేరు. సదువుకున్న పిల్ల సదువు సెప్పుకుంటాది, మనకేటి, అన్నారు. ఆ తరవాత ఆ విషయం ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అలాంటి మనిషి ఆసుపత్రి మంచం మీద పడుకుని, మంచినీళ్లు కావాలన్నా చెప్పలేక గోడవైపు తిరిగిపోతుంటే చూడ్డం కష్టంగా ఉండేది.

ఇంటికొచ్చేక వారానికి ఒకటి రెండుసార్లు మాట నేర్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లం. అక్కడున్న స్పీచ్ థెరపిస్ట్ ఒడియా అమ్మాయి, చిన్న వయసు. మా అత్త ఆవిడకి మాట డాక్టరమ్మ అని పేరు పెట్టింది. మావయ్య మాటలు ఎక్కడికీ పోలేదనీ, లోపలే ఉన్నాయనీ, బయటికొచ్చే దారి దెబ్బతిందనీ ఆవిడ మాకు ఓపిగ్గా చెప్పింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. తెలుగన్నాం. అయితే తెలుగులోనే రోజూ వారాల పేర్లు, అంకెలు, ఇంట్లో సామాన్ల పేర్లు పలికించమంది. బాగా అలవాటైనవి ముందు తిరిగి రావచ్చు అంది.

అత్త రోజూ పొద్దున్నే మంచం పక్కన కూచుని ఒకటి నుంచి మొదలుపెట్టేది. మావయ్య "ఒ... ఒ..." అని ఆగిపోయేవారు. దుకాణాల్లో ఒకటికి బదులు లాభం అనడం అలవాటు కదా అని అత్త, "పోనీ లాభం అనండి," అనేది. అదీ వచ్చేది కాదు. ఒక్కోసారి రెండు అని వచ్చేది. దాని వెనక మళ్లీ రెండు, మళ్లీ రెండు. తప్పు పలుకుతున్నట్టు ఆయనకే తెలిసిపోయేది. ముఖం ఎర్రబడేది. కొన్నాళ్లకి అత్త వచ్చి కూచోగానే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టేరు. నేను కూచున్నా అంతే. అంకెల చార్టు ఒకటి తెచ్చి గోడకి తగిలిస్తే ఎడంచేత్తో దాన్ని తీసెయ్యమని సైగ చేసేరు. మేమూ బలవంతం చెయ్యలేకపోయేం.

అత్త ఆయనకి బాగవ్వాలని అమ్మవారికి కొబ్బరికాయలు మొక్కుకుంది. దుకాణం మనదే అయినా మొక్కు కాయలు మన సరుకులోంచి తియ్యకూడదని ఆవిడ పట్టు. అందుకని ఖల్లికోటలో ఉన్న అత్త తమ్ముడు తన చెట్ల కాయలు రెండు బస్తాలు పంపించేడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన వాటిని వసారాలో కుమ్మరించి లెక్కపెడుతున్నారు. మావయ్య మంచం అక్కడే, కిటికీ పక్కన. మా ఆయన ఒక్కొక్క కాయే తీసి పక్కన పెడుతూ పదుల్లో లెక్కపెడుతున్నారు. మధ్యలో దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసరికి లెక్క మర్చిపోయేరు. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నారు.

మంచం మీంచి ఏదో చప్పుడైంది. చూస్తే మావయ్య లేచి కూచోడానికి ప్రయత్నిస్తున్నారు. ఎడంచెయ్యి గాలిలో ఊపుతున్నారు. విసుగ్గా ఉంది ముఖం. మేం దిండు ఆనించి కూచోబెట్టేం. ఆయన తన ఎడంచేతి వేళ్లతో రెండు అని చూపించి, తర్వాత కుడిచేతి వైపు చూపించి, మళ్లీ రెండు అని చూపించేరు. మా ఆయనకి అర్థమైంది. ఈ చేత్తో రెండు కాయలు, ఆ చేత్తో రెండు కాయలు పట్టుకుని ఒక్కసారిగా పక్కకి విసిరేరు. దుకాణంలో పాతకాలం వాళ్లు అలాగే లెక్కపెట్టేవారు.

"గొండా," అన్నారు మావయ్య.

స్పష్టంగా అన్నారు. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆయన మమ్మల్ని చూడటం లేదు, కాయల్ని చూస్తున్నారు. ఊఁ కానీ అన్నట్టు చెయ్యి ఊపేరు. మా ఆయన ఇంకో నాలుగు విసిరేరు. "దుయి గొండా." ఇంకో నాలుగు. "తిని గొండా." ఆ తర్వాత చారి గొండా, పాంచొ గొండా. కొంచెం పాటలా, సాగదీస్తూ, దుకాణంలో వినబడే పాత గొంతుతోనే. మా ఆయన ఆపకుండా విసురుతూనే ఉన్నారు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గొండా అంటే ఒడియాలో నాలుగు. తమలపాకులు, మామిడికాయలు, కొబ్బరికాయలు మావైపు పెద్దవాళ్లు ఇప్పటికీ గొండాల్లోనే లెక్కపెడతారు. ఇరవై గొండాలైతే ఒక పొణొ. మావయ్య చిన్నప్పుడు వాళ్ల నాన్న పక్కన నిలబడి నేర్చుకున్న లెక్క అది. ఆ పాట లోపల ఏ మూల దాగిందో గాని దెబ్బ దానిదాకా వెళ్లలేదు.

కాయలన్నీ అయ్యేక నేను ఉండబట్టలేక, "మావయ్యా, ఒకటి అనండి," అన్నాను. ఆయన నోరు తెరిచి మూసేసేరు. ముఖంలో మళ్లీ ఆ పాత భయం కనబడింది. నాకు నా మీదే కోపం వచ్చింది. వెంటనే పక్కనున్న కాయల్లోంచి ఎన్నో లెక్కచూసుకోకుండా కొన్ని తీసి ఆయన ముందు పెట్టేను. ఆయన కాసేపు చూసి, "దుయి గొండా," అన్నారు. తర్వాత కొంచెం వెతుక్కుని, "తిని," అన్నారు.

నేను లెక్కపెట్టుకున్నాను. పదకొండు కాయలు. రెండు నాలుగులూ మూడూ. ఆయన మాట పోయిన రోజు క్లాసులో నేను చెబుతున్నది సరిగ్గా అదే. పదకొండుని నాలుగు ఆధారంగా రాస్తే ఇరవైమూడులా కనబడుతుంది, కానీ అది ఇరవైమూడు కాదు, ముందున్న రెండు అంకె, రెండు నాలుగులున్నాయని చెబుతుంది. పిల్లలకి వంద సార్లు చెప్పి ఉంటాను. ఇంట్లో ఒక మనిషి నోటివెంట అది మాటగా వస్తే వినడం మాత్రం అదే మొదటిసారి.

తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు మాట డాక్టరమ్మకి చెబితే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఏ తలుపు తెరుచుకుంటే అందులోంచే వెళ్లాలి, తెలుగా ఒడియానా అని చూడొద్దు, గొండాల్లోనే మొదలుపెట్టండి, తొందరపెట్టకండి అంది.

నేను చింతపిక్కలు కడిగి ఎండబెట్టి ఒక డబ్బాలో పోసేను. వసారా గచ్చు మీద సుద్దముక్కతో పక్కపక్కన మూడు గడులు గీసేను. కుడిచివర గడిలో విడి పిక్కలు. దాని ఎడంపక్క గడి గొండాలది. ఏ గడిలోనూ మూడుకి మించి పిక్కలు ఉండకూడదు. నాలుగోది వచ్చిందంటే ఆ నాలుగూ డబ్బాలోకి వెళ్లిపోవాలి, వాటి బదులు ఎడంపక్క గడిలో ఒక్క పిక్క పెట్టాలి. మావయ్యకి ఇది నచ్చింది. ఎడంచేత్తో ఒక్కొక్క పిక్క పెట్టేవారు. నాలుగోది పడగానే నాలుగింటినీ ఊడ్చేసి పక్కన ఒకటి పెట్టి, గొండా అనేవారు.

మొదట్లో ఆయనకి ఖాళీ గడి నచ్చలేదు. గొండా నిండగానే కుడి గడిలో ఏమీ మిగలదు కదా. ఆ ఖాళీని చూసి ఏదో పోయినట్టు నా వైపు చూసి, అక్కడ ఒక పిక్క పెట్టబోయేవారు. అది పోలేదు మావయ్యా, అందరూ కలిసి పక్కింటికి వెళ్లేరు, ఇల్లు మాత్రం ఉండాలి కదా, అని చెప్పేను. ఆయన ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి కొంచెంసేపు అలా ఉంచేరు. తర్వాత ఎప్పుడూ దాన్ని నింపలేదు.

మూడో గడి దగ్గర ఇంకో చిక్కొచ్చింది. గొండాలు నాలుగైతే మూడో గడిలో ఒకటి పెట్టాలని నేనన్నాను. మావయ్య ఒప్పుకోలేదు, తల అడ్డంగా ఊపేరు. ఆయన లెక్కలో గొండా తర్వాత ఇరవై గొండాలకి గాని పేరు లేదు. పేరు లేనిదాన్ని ఎలా లెక్కపెడతాం అన్నట్టుగా ఉంది ముఖం. అయితే మీరే పేరు పెట్టండి అన్నాను. నేను వంటింట్లోకి వెళ్లి పప్పు దించి వచ్చేను. వచ్చేసరికి ఆయన నా కోసమే చూస్తున్నారు.

"గం... గంప," అన్నారు.

తెలుగు మాట. కాయలు ఎత్తే గంప. అత్తని కేకేసేను. ఆవిడొచ్చి ఇంకోసారి అనమంది. ఆయన ఇంకోసారి అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పదహారుకి పేరు గంప.

కొన్నాళ్లు అలా గొండాలతో, గంపలతో గడిచేక నేను ఇంకో పని చేసేను. గడుల పక్కనే అవే పిక్కలతో పదుల కుప్పలు పెట్టడం మొదలుపెట్టేను. పిక్కలు మారవు, పేర్చే తీరే మారుతుంది. గడుల్లో రెండు గొండాలూ మూడూ పెట్టించి, పక్కనే పది పిక్కలు వరసగా పేర్చి ఒకటి విడిగా పెట్టేను. ఇదీ అదీ ఒకటే మావయ్యా అన్నాను. ఆయన రెంటినీ మార్చి మార్చి చూసేరు. విడి పిక్కని ముట్టుకున్నారు. పదిని ముట్టుకున్నారు. గొండా అనబోయినట్టు పెదాలు గుండ్రంగా చేసేరు. కానీ నోట్లోంచి వచ్చింది "కొండు" అని. ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఆగేరు. మళ్లీ పది వైపు చూసేరు.

"పద... కొండు. పదకొండు."

నేను పిక్కల మీంచి చెయ్యి తీసేసేను. కదిపితే మాట చెదిరిపోతుందేమో అని భయం వేసింది. ఆయనే మళ్లీ మళ్లీ అనుకున్నారు, పదకొండు, పదకొండు అని, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే ఎడంచేత్తో తుడుచుకుంటూ. గొండా అన్న మాట చెయ్యి పట్టుకుని కొండుని బయటికి లాక్కొచ్చింది. అది శాస్త్రమో, కాకతాళీయమో నాకు తెలీదు. మాట డాక్టరమ్మని అడిగితే, రెండూ అయ్యుండొచ్చు అని నవ్వింది.

ఆ తర్వాత అంకెలు ఒక్కొక్కటే వచ్చేయి, వరసలో మాత్రం కాదు. పన్నెండు ముందొచ్చింది, ఐదు చాలా వెనక వచ్చింది. ఏడు సంగతి చెప్పాలి. మావయ్య దుకాణంలో జన్మలో ఏడు అని ఎరగరు. ఏడుపు మాట నోట రాకూడదని ఆరున్నొకటి అనేవారు. చిన్నప్పట్నించీ నాలుక దాన్ని తప్పించుకుని తిరిగింది. ఒకరోజు ఒక గొండా, మూడు పిక్కల్ని విడదీసి వరసగా పేర్చి, ఏమీ తడబడకుండా "ఏడు," అన్నారు. అని, నాలుక కరుచుకున్నారు. అత్త పక్కనే బియ్యం ఏరుతోంది.

"అననియ్యండి. ఏడైతే ఏటి, మాటే కదా కావాల," అంది.

ఆయన ఇంకోసారి అన్నారు, ఈసారి కావాలని.

మొక్కు తీర్చిన రోజు అమ్మవారికి ఇవ్వాల్సినవి ఇచ్చేసేక ఇంకా కొన్ని కాయలు మిగిలేయి. వాటిని మాకూ, మావయ్య తమ్ముళ్లిద్దరి ఇళ్లకీ పంచాలి. మూడిళ్లకీ సరిగ్గా వస్తాయా, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువైతే బాగోదు అని అత్త అంటోంది. మావయ్య అప్పటికే వాటిని తన పద్ధతిలో సర్దించి పెట్టేరు. ఒక గంప, రెండు గొండాలు, విడిగా మూడు కాయలు. నేను చూసి, సరిగ్గా వస్తాయి అన్నాను. ఎలా తెలుసు అని మావయ్య కనుబొమలెత్తేరు.

ఒకటీ రెండూ మూడూ కలిపితే ఆరు, ఆరు మూడిళ్లకీ సరిపోతుంది కాబట్టి మొత్తం కాయలూ సరిపోతాయి, నాలుగు ఆధారంలో రాసిన అంకెకి ఆ గుణం ఉంది అన్నాను. ఆయన నమ్మలేదు. గంపని ఒకటిగా ఎలా కలుపుతావని ఆయన అనుమానం. నిజమే, మాటల్లో చెబితే మోసంలా ఉంటుంది. సరే, చేసి చూద్దాం అన్నాను.

ఒక గొండాలోంచి మూడు కాయలు తీసి మూడు వాటాల్లో ఒక్కొక్కటి పెట్టమన్నాను. ఆ గొండాలో ఒక్కటి మిగిలింది. రెండో గొండాలోనూ అంతే. గంపలో నాలుగు గొండాలు. ఒక్కొక్క గొండాలోంచీ మూడేసి తీస్తే నాలుగు విడికాయలు మిగిలేయి. ఆ నాలుగూ మళ్లీ ఒక గొండాయే, అందులోంచీ మూడు తీసి పంచితే ఒక్కటే మిగిలింది. గంప ఎంత పెద్దదైనా చివరికి ఒక్క కాయే వదులుతుంది. గంపది ఒకటి, గొండాలవి రెండు, విడివి మూడు, ఆరు కాయలు మా ముందు మిగిలేయి. మావయ్య ఆ ఆరింటినీ ఎడంచేత్తో రెండేసి చొప్పున మూడు వాటాల్లోనూ పెట్టేరు. ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తక్కువవ్వలేదు.

ఖాళీ అయిన గచ్చుని చూసి నవ్వేరు. జబ్బు చేసినప్పట్నుంచీ ఆయన గట్టిగా నవ్వగా మేం వినలేదు. నవ్వుతూనే మా ఆయన్ని పిలిచి, కాయలన్నీ మళ్లీ వెనక్కి తెప్పించి, మొత్తం మళ్లీ మొదట్నుంచి చేసి చూపించేరు. తర్వాత ఆయన తమ్ముడొకరు వస్తే ఆయనకీ చూపించేరు. మాటలు సగమే ఉన్నా చెయ్యి మిగతా సగం చెప్పేది.

మర్నాడు నేను కాలేజీకి చింతపిక్కల డబ్బా పట్టుకెళ్లేను. పది ఆధారంలో అంకెలు కూడితే సంఖ్య తొమ్మిదితో సరిగ్గా పోతుందో లేదో తెలుస్తుంది, నాలుగు ఆధారంలో కూడితే మూడుతో పోతుందో లేదో తెలుస్తుంది, ఎందుకో పిక్కలతో కనుక్కోండి అని బెంచీల మీద పోసేను. చాలాసేపు గోల గోలగా ఉంది. ఎందుకు పనికొస్తాయని అడిగిన అమ్మాయే అందరికంటే ముందు చెయ్యెత్తి, ప్రతి కట్టలోంచీ ఒక్కటే మిగులుతుంది మేడం, అంది. పక్క క్లాసు వాళ్లు తొంగి చూసి వెళ్లేరు. అప్పట్నుంచి ఆ పాఠం వచ్చిందంటే నాకు పండగే.

ఇప్పుడు మావయ్య పొద్దుటిపూట దుకాణానికి వెళుతున్నారు. కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. పొడుగు వాక్యాలు ఇంకా మధ్యలో తెగుతుంటాయి. తెలుగు దొరక్కపోతే ఒడియా వేసుకుంటారు, అదీ దొరక్కపోతే మన ముఖం చూస్తూ ఆగుతారు. మనం ఆగగలిగితే మాట వస్తుంది.

మొన్నీమధ్య మాట డాక్టరమ్మ ఫోన్ చేసి, ఖల్లికోట వైపు నుంచి ఒకావిడ కొడుకుని తోడు తీసుకుని వచ్చింది, చిల్క సరస్సు చేపలు తెచ్చి అమ్మేది, మీ మావగారిలాగే మాట పోయింది, ఆయన ఒకసారి వచ్చి కూచుంటారా అని అడిగింది. అడగడం ఆలస్యం, మావయ్య చొక్కా మార్చుకుని తయారైపోయేరు. పిక్కల డబ్బా కూడా పట్టించేరు.

ఆవిడ ముందు గడులు గీసి పిక్కలు పెట్టేం. గొండాలు ఆవిడకి పనిచెయ్యలేదు. పిక్కల్ని చూసి ముఖం తిప్పేసుకుంది. మావయ్య పిక్కలన్నీ మెల్లగా డబ్బాలోకి తీసేసి, కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుని కూచున్నారు. బేరం తెగకపోతే క్షణం నిలబడని మనిషి, ఏమీ అడక్కుండా అలాగే చాలాసేపు కూచున్నారు. చివరికి ఆవిడే ఇటు తిరిగి ఆయన పడిపోయిన కుడిచేతి వైపు చూసింది. తన చెయ్యి చూసుకుంది.

"ధీరే," అన్నారు మావయ్య ఒడియాలో. నెమ్మదిగా అని. "ధీరే ధీరే."

ఆవిడ పెదాలు కదిలేయి. ఏ మాటా కాలేదు గాని చిన్న చప్పుడొచ్చింది. వచ్చే వారం మళ్లీ వస్తానని మావయ్య ఆవిడ కొడుక్కి చెప్పేరు. ఆ వాక్యం ఎక్కడా తెగలేదు.